నిజాం దిగిపోవాలి



2020 ఏప్రిల్. లాక్‌డౌన్ రోజులు. జగిత్యాలలో మా ఇంటి డాబా మీద నీళ్ల ట్యాంకు పక్కన ఒక మూల ఉంది. ఫోన్‌కు సిగ్నల్ నిలకడగా దొరికేది ఆ మూలలోనే. రాత్రి భోజనం కాగానే చాప, దోమల బత్తి, ఒక నోటుబుక్కు తీసుకుని పైకి ఎక్కేవాణ్ణి. ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకు పౌరశాస్త్రం చెప్పి రిటైరైన నాకు మళ్లీ విద్యార్థి కావాలన్న పిచ్చి పట్టింది. మా అబ్బాయి హైదరాబాద్ నుంచి ఫోన్లోనే దారి చెప్పి ఒక ఆన్‌లైన్ కోర్సులో చేర్పించాడు. అరబ్బు దేశాల రాజకీయాలు, అక్కడి తిరుగుబాట్లు. అప్పట్లో పాఠాలు వినడానికి ఫీజు లేదు, సర్టిఫికెట్ కావాలంటేనే డబ్బు. ఈ వయసులో సర్టిఫికెట్ ఎవరికి చూపించుకోవాలి?

ఒక రాత్రి పాఠం మధ్యలో కైరోలోని తహ్రీర్ చౌక్ దృశ్యం వేశారు. 2011 నాటిది. వేల గొంతులు ఒకే వాక్యాన్ని తాళం వేసినట్టు అరుస్తున్నాయి. "అష్-షాబ్ యురీద్ ఇస్కాత్ అన్-నిజాం." నాకు అరబ్బీ రాదు. మొదటిసారి చెవికి ఏమీ అందలేదు. మూడోసారికి చివరి మాట పట్టుబడింది. నిజాం! చాప మీద లేచి కూర్చున్నాను.

మా నాన్న తరానికి నిజాం అంటే ఒక్కడే. 1948 సెప్టెంబరు 17 అంటే మా ఇంట్లో పండుగో కాదో తేలని రోజు. ఒక పెదనాన్న రజాకార్ల కథలు చెప్పేవాడు, ఇంకో పెదనాన్న పోలీసు యాక్షన్ తర్వాతి కథలు చెప్పేవాడు. ఇద్దరి కథల్లోనూ నిజాం ఉండేవాడు. ఆ నిజాం దిగిపోయిన అరవై మూడేళ్లకు ఈజిప్టులో జనం నిజాం దిగిపోవాలని అరవడమేమిటి?

వీడియో ఆపి నిఘంటువు వెతికాను. అరబ్బీలో నిజాం అంటే మనిషి కాదు. ఏర్పాటు, క్రమం, వ్యవస్థ. పూసల్ని దారానికి వరసగా గుచ్చడం దగ్గర పుట్టిన మాట. రాజ్యానికి ఏర్పాట్లు చూసేవాడన్న అర్థంలో నిజాం-ఉల్-ముల్క్ అని మొగలు దర్బారు బిరుదు ఇచ్చింది. ఆ బిరుదే మన దగ్గర కురచై మనిషి పేరైంది, తర్వాత వంశం పేరైంది, చివరికి చక్కెర ఫ్యాక్టరీ పేరూ అయింది. కైరో జనం మాత్రం అసలు అర్థంలోనే వాడారు. ముందు ట్యునీషియాలో పుట్టిన ఆ వాక్యానికి అర్థం, "ప్రజలు ఈ వ్యవస్థ కూలాలని కోరుతున్నారు" అని.

మన పత్రికలు అప్పట్లో దీన్ని "ప్రభుత్వం దిగిపోవాలి" అని తెలుగు చేశాయి. తప్పేమీ కాదు, కానీ అక్కడే కథ చేయి జారిపోయింది. 2011 ఫిబ్రవరి 11న హోస్నీ ముబారక్ దిగిపోయాడు. ముప్పై ఏళ్ల పాలన పద్దెనిమిది రోజుల్లో ముగిసింది. అధికారం ఎవరి చేతికి పోయింది? సైన్యపు అత్యున్నత మండలికి. 1952లో రాజును దించిన నాటి నుంచి ముబారక్ దాకా ఈజిప్టు అధ్యక్షులందరూ సైన్యం నుంచి వచ్చినవాళ్లే. మాకరోనీ నుంచి మంచినీళ్ల సీసా దాకా తయారుచేసే ఫ్యాక్టరీలు సైన్యానివి. 1981లో అధ్యక్షుడు సాదత్ హత్య తర్వాత పెట్టిన ఎమర్జెన్సీ ముబారక్ ఉన్నన్నాళ్లూ నడుస్తూనే ఉంది, ఆయన పోయాక కూడా మరో ఏడాది పైన బతికింది. దిగింది మనిషి. నిజాం ఎక్కడిదక్కడే ఉంది. తర్వాతి రెండు మూడేళ్ల ఈజిప్టు చరిత్ర అర్థం కావడానికి నాకు ఆ ఒక్క మాట చేసిన సాయం పది పాఠాలు చేయలేదు.

అప్పటి నుంచి నా చదువు తీరే మారింది. నోటుబుక్కులో ఎడమవైపు ప్రొఫెసర్ చెప్పిన తేదీలు, కుడివైపు జనం నోటి మాటలు. కుడివైపే ముందు నిండేది.

కోర్సుల సంగతి కొంచెం చెప్పాలి. కోర్సెరా అనే వేదిక మీద రెండు బాగా పేరున్నవి చేశాను. ఆధునిక మధ్యప్రాచ్యం ఎలా పుట్టిందో చెప్పే కోర్సు టెల్ అవీవ్ విశ్వవిద్యాలయం ఆచార్యుడు ఆషర్ ససర్‌ది. ముస్లిం ప్రపంచంలో రాజ్యాంగ పోరాటాల మీది కోర్సు కోపెన్‌హాగెన్ విశ్వవిద్యాలయంలో ఇబ్రాహీం అఫ్సా చెప్పింది. ఇద్దరూ ఓపికగా, పిల్లలకు చెప్పినట్టు చెబుతారు. అయితే ఒకటి ఇజ్రాయెల్ నుంచి, ఒకటి డెన్మార్క్ నుంచి వచ్చిందన్నది మరిచిపోకూడదు. 1948ని టెల్ అవీవ్‌లో స్వాతంత్ర్య యుద్ధం అంటారు, రమల్లాలో నక్బా అంటారు, అంటే మహావిపత్తు. అందుకని ఆల్బర్ట్ హౌరానీ రాసిన అరబ్బు ప్రజల చరిత్ర పుస్తకాన్ని పక్కన పెట్టుకుని పాఠాలు వినేవాణ్ణి. పౌరశాస్త్రం మాస్టారికి అనుమానం వృత్తి రోగం. అరబ్బీలోనే చెప్పే వేదికలూ ఉన్నాయి. జోర్డాన్ నుంచి ఎద్రాక్ అనేది 2014లో మొదలైంది. భాష రానివాడికి అది గోడ అవతలి పెళ్లి లాంటిది, బాజాలు వినిపిస్తాయి గాని భోజనం దొరకదు.

ఈ కోర్సులన్నీ మొదటి ప్రపంచ యుద్ధం దగ్గర మొదలవుతాయి. తహ్రీర్ చౌక్ కోసం వచ్చిన నాకు ఉస్మానియా సామ్రాజ్య పతనం చెబుతుంటే మొదట విసుగొచ్చింది. (ఉస్మానియా అన్న మాట కూడా మన ఊరిదే అనిపిస్తుంది కదా, ఏం చేస్తాం.) 1915 డిసెంబరులో మార్క్ సైక్స్ అనే బ్రిటిష్ పెద్దమనిషి లండన్‌లో మంత్రుల ముందు పటం పరిచి, ఏకర్ పేరులోని చివరి అక్షరం నుంచి కిర్కూక్ పేరులోని చివరి అక్షరం దాకా ఒక గీత గీయాలనుకుంటున్నానని చెప్పాడు. ఊళ్ల మధ్య కాదు, పటం మీద అచ్చయిన అక్షరాల మధ్య గీత! మరుసటి ఏడాది 1916లో ఫ్రాన్సుతో రహస్య ఒప్పందమూ అయింది. అరబ్బు దేశాల కష్టాలన్నిటికీ ఆ గీతే కారణమని తేల్చేయడం ఇప్పుడు ఫ్యాషన్. నిజానికి ఇవాళ్టి సరిహద్దులు ఆ ఒప్పందం ప్రకారం పడలేదు, చాలావాటిని 1920 తర్వాత బేరాలాడి గీశారు. వందేళ్ల కింద చనిపోయిన దొర మీద నెపం పెడితే ఇప్పుడు కుర్చీలో ఉన్నవాడికి ఎంత సుఖమో చెప్పనక్కర్లేదు.

ఇక మా వీధి అన్న గురించి చెబుతాను.

మా దిక్కు మస్కట్ పోయినా, కువైట్ పోయినా, సౌదీ పోయినా దుబాయి పోయిండనే అంటారు. మా వీధి చివర ఒక దుబాయి అన్న ఉంటాడు. ఆయన పోయింది బహ్రైన్‌కు. మనామాలో ఒక కాంట్రాక్టరు దగ్గర పద్నాలుగేళ్లు పనిచేసి తిరిగొచ్చాడు. లాక్‌డౌన్‌లో ఆయన డాబా నుంచి నా డాబాకు మాటలు నడిచేవి.

"ఏం సార్, రోజు రాత్రి చెవులల్ల పెట్టుకొని ఏం ఇంటున్నరు? భజననా?"

అరబ్బు దేశాల్లో జనం తిరగబడ్డ కథ వింటున్నానన్నాను. ఏ కథ, ఎట్ల షురువైందని అడిగాడు. అప్పుడు నేను వింటున్నది ట్యునీషియా పాఠం. వీడియో కింద యంత్రం రాసే అక్షరాల్లో సిదీ బూజీద్ అన్న ఊరు పేరు "సిటీ బస్సు" అని పడుతోంది. ఆ సిటీ బస్సులో ఏం జరిగిందో ఆయనకు చెప్పాను.

మొహమ్మద్ బూఅజీజీ. ఇరవై ఆరేళ్ల కుర్రాడు. తోపుడుబండి మీద పళ్లు, కూరగాయలు అమ్ముకునేవాడు. 2010 డిసెంబరు 17న మున్సిపాలిటీ వాళ్లొచ్చి సరుకు, తక్కెడ పట్టుకుపోయారు. గవర్నరు కచేరీకి వెళ్లి తన తక్కెడ తనకు ఇప్పించమన్నాడు. లోపలికి రానివ్వలేదు. ఆ కచేరీ ముందే ఒంటికి నిప్పంటించుకున్నాడు. జనవరి 4న ప్రాణం పోయింది. పదిరోజులకు, జనవరి 14న, ఇరవై మూడేళ్లుగా ఏలుతున్న బెన్ అలీ విమానమెక్కి సౌదీకి పారిపోయాడు.

అన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు. "బలదియా వాళ్లు."

"ఆఁ?"

"గదే సార్, మున్సిపాలిటీని గాడ బలదియా అంటరు. మన కాడ బల్దియా అనరా? గా బండి అస్తుందంటే ఒక్కడు సడక్ మీద ఉండకపోతుండె. సామాను పట్టుకపోతే మల్ల రాదు. తక్కెడ పట్టుకపోతే ఇగ ఏం మిగుల్తది? వాస్తా ఉన్నోనికే అస్తది."

నా ముప్పై ఏళ్ల మాస్టరీ మీద ఆ నాలుగు వాక్యాలు నీళ్లు చల్లాయి. బల్దియా అన్న మాట మన పేపర్లలో రోజూ చదువుతాం. అరబ్బు నేల నుంచే మన దాకా నడిచొచ్చిన మాట అది. తక్కెడను జప్తు చేశారంటాం, ఆ జప్తూ అరబ్బీదే. హక్కు అంటాం, అదీ అరబ్బీదే. సిదీ బూజీద్ కుర్రాడి కథను అచ్చ తెలుగులో చెప్పబోతే సగం మాటలు అతని ఊరివే వస్తాయి. ఇక వాస్తా అంటే సిఫారసు, పైవాడితో చుట్టరికం. గల్ఫ్ వెళ్లొచ్చిన ప్రతి మనిషికీ తెలిసిన మాట. ఉద్యోగాలెందుకు లేవు, లంచమెందుకు నడుస్తుంది అని ప్రొఫెసర్ నలభై నిమిషాలు పటాలతో చెప్పిన దాంట్లో సగం ఈ ఒక్క మాటలో ఉంది.

ఇక్కడ ఒక చిన్న జాగ్రత్త. అప్పట్లో ప్రపంచమంతా తిరిగిన కథల్లో బూఅజీజీ డిగ్రీ చదివి ఉద్యోగం దొరక్క పళ్లమ్ముకున్నాడని ఉండేది. నిజం కాదు, అతను హైస్కూలే పూర్తి చేయలేదు. మున్సిపాలిటీ ఉద్యోగిని అతన్ని చెంపదెబ్బ కొట్టిందన్నారు. ఆమెను జైల్లో పెట్టారు. 2011 ఏప్రిల్లో కోర్టు ఆ కేసు కొట్టేసింది. కథ పెద్దదయ్యే కొద్దీ దానికి కావలసిన అలంకారాలను జనమే తొడుగుతారు. తక్కెడ ఒక్కటి చాలదా? మనకు చాలదు, ఎందుకో మరి.

మర్నాడు అన్న తన రేకు డబ్బా తెచ్చి గోడ మీదుగా ఒక నాణెం అందించాడు. బహ్రైన్ 500 ఫిల్సుల బిళ్ల. మధ్య ఒక రంగు, అంచు ఇంకో రంగు. మీద ఒక కట్టడం బొమ్మ. ఆరు తెరచాపలు కింది నుంచి లేచి పైన ఒక ముత్యాన్ని మోస్తున్నాయి. "లూలూ చౌరస్తా సార్ ఇది. గిప్పుడు లేదు. కూలగొట్టిన్రు." బిళ్ల ఎండలో వేడెక్కి ఉంది. అంచు అరిగి నున్నగా అయింది.

ఫోన్ తెరిచి చూశాను. లూలూ అంటే ముత్యం. గల్ఫ్‌లోని ఆరు దేశాల మండలి సమావేశం 1982లో మనామాలో జరిగినప్పుడు దేశానికో తెరచాప చొప్పున కట్టిన స్తంభం. 2011 ఫిబ్రవరి 15 నుంచి అక్కడ జనం గుడారాలు వేసుకుని కూర్చున్నారు. మార్చి 14న సౌదీ బలగాలు సముద్రం మీది వంతెన దాటి బహ్రైన్‌లోకి వచ్చాయి. చౌరస్తాను ఖాళీ చేయించారు. మార్చి 18న స్తంభాన్నే కూల్చేశారు. ఆ బొమ్మ ఉన్న నాణేన్ని చలామణీ నుంచి తీసేశారు. జనం గుమిగూడినందుకు కట్టడానికి శిక్ష పడింది. దాని బొమ్మ ఉన్నందుకు డబ్బు బిళ్లకూ పడింది.

"నువ్వప్పుడు అక్కడే ఉన్నావా?"

"ఉంటి. క్యాంపుల ఉన్నం అందరం. సూపర్‌వైజర్ అచ్చి ఎవ్వలు బయటకి పోవద్దన్నడు. పైన హెలికాప్టర్లు తిరుగుతుండె. ఇంటికి ఫోన్ చేస్తే, ఏం లేదు, మంచిగనే ఉన్నం అని చెప్పినం. ఎందుకు కొట్లాడుతున్నరో మాకు తెల్వది సార్. జీతం పడ్తదా పడదా, గదే మా ఫికరు."

గమనించండి. ఆయన చరిత్ర జరుగుతున్న చోటే ఉన్నాడు, ఏం జరుగుతోందో ఆయనకు తెలియదు. నేను జగిత్యాలలో చాప మీద కూర్చుని తేదీలతో సహా చెప్పగలను, హెలికాప్టరు చప్పుడు మాత్రం ఎన్నడూ వినలేదు. ఇద్దరి దగ్గరా చెరి సగం ఉంది. అదే ఏడాది లిబియా నుంచి మన ప్రభుత్వం పదిహేను వేల మందికి పైగా భారతీయుల్ని వెనక్కి తెచ్చింది. 2015లో యెమెన్ నుంచి ఆపరేషన్ రాహత్‌లో నాలుగున్నర వేల మందికి పైగా వచ్చారు. యెమెన్ అంటే హైదరాబాద్ బార్కస్ వాళ్లకు పత్రికల్లో చదివే పరాయి దేశం కాదు. నిజాం సైన్యంలో కొలువుకు హద్రమౌత్ నుంచి వచ్చినవాళ్ల మునిమనవలు అక్కడున్నారు. బార్కస్ అన్న పేరు బ్యారక్స్ నుంచి వచ్చిందే.

కుడివైపు పేజీలో నాకు బాగా ఇష్టమైన మాట ఐష్. మిగతా అరబ్బు దేశాల్లో రొట్టెను ఖుబ్జ్ అంటారు. ఈజిప్టులో మాత్రం ఐష్ అంటారు, ఆ మాటకు జీవితం అని అర్థం. తహ్రీర్‌లో రెండో నినాదం "ఐష్, హుర్రియా, అదాలా ఇజ్తిమాఇయ్యా." రొట్టె, స్వేచ్ఛ, సామాజిక న్యాయం అని అనువదిస్తారు. నాకైతే ఐష్‌కు తెలుగులో బతుకు అనే మాటే సరిపోతుందనిపిస్తుంది. బతుకుదెరువులో ఉన్న బతుకు.

గోధుమల్ని ప్రపంచంలో అందరికంటే ఎక్కువగా దిగుమతి చేసుకునే దేశాల్లో ఈజిప్టుది ముందు వరస. నైలు నది ఒడ్డున, ఒకప్పుడు రోము నగరానికి గోధుమలు పంపిన దేశం! 2010 వేసవిలో రష్యాలో కరువొచ్చి, కార్చిచ్చులు రేగి, పంట పోయింది. ఆగస్టులో రష్యా గోధుమ ఎగుమతి ఆపేసింది. ప్రపంచ మార్కెట్లో ధర లేచింది. ఈజిప్టు ప్రభుత్వం రాయితీ మీద ఇచ్చే రొట్టె మాత్రం అయిదు పియాస్టర్లే. 1980ల చివర్లో పెట్టిన ఆ ధరను ముట్టుకునే ధైర్యం ఎవరికీ లేకపోయింది. 2024 జూన్‌లో గాని దాన్ని ఇరవై చేయలేదు. ఎందుకు భయపడ్డారంటే 1977 జనవరి గుర్తుంది కాబట్టి. సాదత్ రాయితీలు కోసిన మర్నాటికల్లా వీధులు మండాయి. రెండు రోజుల్లో ఉత్తర్వు వెనక్కి తీసుకున్నాడు. కోపం ఆపుకోలేక దాన్ని దొంగల తిరుగుబాటు అన్నాడు. రెండు రూపాయల కిలో బియ్యం చుట్టూ ఎన్నికలు తిరగడం చూసిన మనకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు.

ఫేస్‌బుక్ విప్లవం అన్న పేరొకటి ఉంది కదా. అలెగ్జాండ్రియాలో 2010 జూన్‌లో పోలీసుల దెబ్బలకు చనిపోయిన ఖాలిద్ సయీద్ పేరున వాయిల్ గొనీమ్ నడిపిన పేజీ లక్షల మందిని కదిలించిన మాట నిజమే. కానీ 2011 జనవరి 28, ఆ కోప శుక్రవారం నాడు, ప్రభుత్వం దేశంలో ఇంటర్‌నెట్టు ఆపేసింది, సెల్‌ఫోన్లు మూగబోయాయి. జనం అంతకు ముందెన్నడూ రానంతగా వచ్చిందీ ఆ రోజే. తెర ఆరిపోయాక పక్కింటివాడి మొహం చూడక తప్పదు. మసీదుల్లో నమాజు ముగించుకుని, గల్లీల్లోంచి నడుచుకుంటూ వచ్చారు. ఆన్‌లైన్ చదువు చదువుతున్న నేను ఈ మాట అనడం తమాషాగానే ఉంటుంది.

అంతకు ముందే మహల్లా అల్-కుబ్రా ఉంది. నైలు డెల్టాలోని బట్టల మిల్లుల పట్నం. 2006 డిసెంబరులో రావలసిన బోనసు రాలేదని ముందు ఆడకూలీలు మగ్గాలు ఆపి బయటికొచ్చారు, మగవాళ్లు తర్వాత వచ్చారు. 2008 ఏప్రిల్ 6న అక్కడ మొదలైన అలజడి తేదీ పేరుతోనే కైరో కుర్రాళ్ల ఉద్యమం ఒకటి పుట్టింది. సిరిసిల్లలో ఎవరికైనా ఈ ముక్క చెబితే, కూలి రేటు ఎంతుండె అనే అడుగుతారు. ప్రశ్న సరైనదే. కోర్సులో మహల్లాకు ఇచ్చింది మూడు నిమిషాలు.

ఇప్పుడు నాకు మార్కులు పోయిన సంగతి. ఇలాంటి కోర్సుల్లో వేల మంది ఉంటారు కాబట్టి ఒకరి వ్యాసాన్ని ఇంకొకరు దిద్దుతారు. ఈజిప్టులో 2011 నుంచి 2013 దాకా జరిగిన దాని మీద వ్యాసం రాయమన్నారు. హైదరాబాద్ మనిషినని చూపించుకుందామన్న ఉబలాటంతో, జనవరి 25 నాటి తిరుగుబాటును ఇంక్విలాబ్ అని రాశాను. ఇంక్విలాబ్ జిందాబాద్ అని ఊరేగింపుల్లో అరిచి పెరిగినవాణ్ణి. విప్లవం అంటే ఇంక్విలాబ్ కాక మరేమిటి?

ముగ్గురు దిద్దారు. ఇద్దరు బాగుందన్నారు. మూడో వ్యక్తి సగం మార్కులు కోసి కింద ఒక వాక్యం రాశారు. మీరు ఈ మాటను తెలిసే వాడారా, మా ఇంట్లో భోజనాల దగ్గర ఈ మాట అంటే కంచాలు ఎగురుతాయి, అని దాని సారాంశం. ఎవరో, ఏ ఊరో తెలియదు. ఈజిప్టు మనిషే అయి ఉండాలి.

రెండు రోజులు పట్టింది సంగతి తెలుసుకోవడానికి. ఉర్దూలో ఇంక్విలాబ్ అంటే విప్లవం. అరబ్బీలో అదే మాటకు సైన్యం చేసే కుట్ర, గద్దెను తలకిందులు చేయడం అని అర్థం. జనం చేసే విప్లవానికి వాళ్ల మాట థౌరా. సముద్రం దాటేసరికి మాట బోర్లా పడింది. ఇది నిఘంటువు గొడవ కాదు. 2012 జూన్‌లో ముస్లిం బ్రదర్‌హుడ్ మనిషి మొహమ్మద్ మోర్సీ 51.7 శాతం ఓట్లతో గెలిచాడు. ఏడాది తిరిగేసరికి, 2013 జూన్ 30న, అతను దిగిపోవాలంటూ లక్షల మంది వీధుల్లోకొచ్చారు. జూలై 3న సైన్యాధిపతి సీసీ అతన్ని తీసేశాడు. ఇది థౌరానా, ఇంక్విలాబా? ఈజిప్టులో ఇళ్లు ఈ ప్రశ్న మీద రెండుగా చీలాయి. థౌరా అన్నవాడు ఒక పక్షం, ఇంక్విలాబ్ అన్నవాడు ఇంకో పక్షం. మధ్య మాట లేదు. అమెరికా ప్రభుత్వం ఏ పేరూ పెట్టకుండా తప్పించుకుంది. కుట్ర అని ఒప్పుకుంటే వాళ్ల చట్టం ప్రకారం ఏటా ఇచ్చే 130 కోట్ల డాలర్ల సైనిక సాయం ఆపాలి. ఆగస్టు 14న కైరోలోని రబా చౌక్‌లో కూర్చున్న మోర్సీ మద్దతుదార్లను కాల్పులతో చెదరగొట్టారు. ఒక్క రోజులో కనీసం 817 మంది చనిపోయారని హ్యూమన్ రైట్స్ వాచ్ లెక్క తేల్చింది.

ఆ మార్కులు పోవడమే మంచిదైంది. ఆ మూడో మనిషిని ఎప్పుడైనా చూస్తే టీ ఇప్పించాలి.

ట్యునీషియా కథ ఇంత నెత్తురు లేకుండా నడిచింది. 2014 జనవరిలో కొత్త రాజ్యాంగం రాసుకున్నారు. కార్మిక సంఘం, యజమానుల సంఘం, మానవ హక్కుల సమితి, వకీళ్ల సంఘం నాలుగూ కూర్చుని పార్టీల మధ్య రాజీ కుదిర్చినందుకు 2015 నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. క్లాసులో చెప్పదగ్గ పాఠం అనుకుని మురిసిపోయాను. 2021 జూలై 25న అధ్యక్షుడు కైస్ సయీద్ పార్లమెంటుకు తాళం వేశాడు. ఆయన ఎన్నికల ముందు వరకు యూనివర్సిటీలో రాజ్యాంగ చట్టం చెప్పిన మాస్టారు. మా వృత్తివాడే. ఎవరికి చెప్పుకోవాలి?

రికార్డు చేసిన పాఠాలతో ఉన్న చిక్కు ఇదే. వీడియోలో ప్రొఫెసర్‌కు వయసు పెరగదు, దేశాలు మాత్రం ఆగవు. సూడాన్‌లో 2018 డిసెంబరులో అత్‌బరా అనే రైల్వే పట్నంలో రొట్టె ధర మీద మొదలైన అలజడి 2019 ఏప్రిల్ 11న అధ్యక్షుడు బషీర్‌ను దించింది. 2021లో సైన్యం మళ్లీ వచ్చింది. 2023 ఏప్రిల్ నుంచి రెండు సైన్యాల మధ్య దేశం నలిగిపోతోంది. ఇదేదీ నేను విన్న పాఠాల్లో లేదు. పాఠంలో ఖార్తూమ్ ప్రశాంతంగానే ఉంది.

ఇంకో సంగతి నన్ను ఇప్పటికీ పొడుస్తూ ఉంటుంది. 2014 జనవరిలో అమెరికా ఆంక్షల చట్టాల వల్ల సూడాన్, ఇరాన్, క్యూబా, సిరియా విద్యార్థులకు కోర్సెరా పాఠాలు మూసుకుపోయాయి. సిరియాకు త్వరలోనే మినహాయింపు దొరికింది. అరబ్బు దేశాల తిరుగుబాట్ల మీది పాఠం జగిత్యాల డాబా మీద ఉచితంగా తెరుచుకుంది. ఖార్తూమ్‌లో ఆ తిరుగుబాటు చేయబోయే అమ్మాయి నొక్కితే తెరుచుకోలేదు.

సిరియా పేజీ నా నోటుబుక్కులో ఎక్కువగా కొట్టివేతలున్న పేజీ. దరా పట్నంలో బడిపిల్లలు గోడ మీద "నీ వంతు వచ్చింది, డాక్టరూ" అని రాశారు. బషర్ అల్-అసద్ కళ్ల డాక్టరు చదువు చదివినవాడు. పిల్లల్ని పట్టుకుపోయి హింసించారు. 2011 మార్చిలో ఊరు లేచింది. ఆ వంతు రావడానికి పదమూడేళ్లు పైనే పట్టింది. ఎన్ని లక్షల ప్రాణాలో, ఎన్ని కోట్ల వలసలో రాసి కొట్టేసి మళ్లీ రాశాను.

2024 డిసెంబరు 8, ఆదివారం. పొద్దున్నే పాల ప్యాకెట్ పట్టుకుని అన్న గేటు దగ్గర ఆగాడు.

"సార్, సిరియాల నిజాం పోయిందట గదా? టీవీల చూపెడుతున్నరు."

నిజాం అన్నాడు. నా మాటనే నాకు అప్పజెప్పాడు.

"రాజు పోయిండు అన్నా. దేశమిడిచి ఉరికిండు. నిజాం పోయిందా లేదా ఇంకా తెల్వది."

"మీ కోర్సుల ఏం చెప్తున్నరు?"

"మా కోర్సులో ఆయనింకా డమాస్కస్‌లోనే ఉన్నడు."